గాల్లో విమానం మాట వినకపోతే: రేడియో మార్చే ముందు ఇవి చూడండి

"అన్నా, నాలుగు నిమిషాలు బాగానే ఎగిరింది. ఉన్నట్టుండి స్టిక్ ఎటు తిప్పినా ఉలుకూ పలుకూ లేదు, నేరుగా కిందికి దిగిపోయింది. ఇంటికొచ్చి బ్యాటరీ పెడితే అన్నీ పనిచేస్తున్నాయి. రేడియో మార్చేయనా?"

రేడియోతో, అంటే చేతిలోని రిమోట్‌తో, మోడల్ విమానాలు ఎగరేసేవాళ్ల నుంచి ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. మార్చొద్దు. కనీసం కింద రాసింది చదివేదాకా ఆగండి.

సోల్డరింగ్, బైండింగ్ (రేడియోను విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్‌తో జత చేయడం), లైపో బ్యాటరీ ఛార్జింగ్ మీకు వచ్చనే అనుకుంటున్నాను. నేను ఉదాహరణగా తీసుకున్నది పైపర్ కబ్ అనే చిన్న విమానం. అసలు విమానం రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 10.7 మీటర్లు, ఎనిమిదో వంతుకు కడితే 1.34 మీటర్లు వస్తుంది. స్కేల్ మోడల్ (అసలు విమానాన్ని అదే కొలతల్లో చిన్నగా కట్టడం) మొదలుపెట్టేవాళ్లలో చాలామంది దీంతోనే మొదలుపెడతారు కాబట్టి దీన్నే ఎంచుకున్నాను.

చెయ్యి వదిలిన క్షణంలోనే పక్కకు తిరగబడింది

చాలావరకు ఎలిరాన్ (రెక్క వెనకంచున కదిలే పలక) రివర్స్‌లో, అంటే స్టిక్‌కు వ్యతిరేకంగా కదిలేలా, ఉండి ఉంటుంది. ఇంకో కారణం వెతికే ముందు దీన్నే చూడండి. విమానం వెనక నిలబడి, ముక్కు మీకు దూరంగా పెట్టి, స్టిక్ కుడికి తోయండి. కుడి ఎలిరాన్ పైకి లేవాలి, ఎడమది కిందికి దిగాలి. "కదులుతోంది కదా, చాలు" అని చూసి వదిలేసేవాళ్లే ఎక్కువ. కదలడం కాదు, ఎటు కదిలిందో చూడాలి. సర్వో (ఈ పలకల్ని కదిలించే చిన్న మోటర్) మార్చినా, ట్రాన్స్‌మిటర్‌లో (చేతిలోని రేడియోలో) మోడల్ మెమరీ, అంటే ఆ విమానం సెట్టింగులు, మార్చినా ప్రతిసారీ ఈ పని చేయాల్సిందే. ఐదు సెకన్ల పని. దీన్ని ఎగ్గొట్టి మూడు వారాలు కట్టిన బాల్సా చెక్క విమానాన్ని ముక్కలు చేసుకున్నవాళ్లు నాకు బోలెడంతమంది తెలుసు.

ముక్కు పైకెత్తి, నిలబడిపోయి, పడిపోతోంది

తోక బరువు. ఎనిమిదో వంతు కబ్‌లో రెక్క ముందంచు నుంచి వెనకంచుకు దూరం సుమారు 20 సెంటీమీటర్లు. సీజీ (విమానం బరువు సమతూకంగా నిలిచే చోటు) అందులో 25 నుంచి 30 శాతం దగ్గర, అంటే ముందంచు నుంచి 5, 6 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. రెక్క కింద రెండు వేళ్లు పెట్టి లేపితే విమానం సమంగా నిలవాలి, లేదా ముక్కు కాస్త వంగాలి.

స్కేల్ మోడల్‌తో ఒక చిక్కుంది. సీజీని చాలామంది రంగు వేయకముందే చూసుకుంటారు. తర్వాత తోకకు రెండు పూతలు రంగు, చిన్న టెయిల్ వీల్, స్టిక్కర్లు వచ్చి చేరతాయి. కబ్ ముక్కు పొట్టిది. తోకలో పెరిగిన ప్రతి గ్రాముకు ముక్కులో రెండు మూడు గ్రాములు పెట్టాల్సి వస్తుంది. అందుకే అన్నీ అయ్యాక, బ్యాటరీ లోపల పెట్టి మళ్లీ చూడండి. సీసం ముక్కలు అతికించే ముందు బ్యాటరీని ఎంత ముందుకు జరపగలరో చూడండి.

పరుగులో ఎడమకు లాగుతోంది

టెయిల్ వీల్ ఉన్న విమానాల స్వభావమే అది. ప్రాప్ (ముక్కు మీది ప్రొపెల్లర్) తిరిగే బలం అటు లాగుతుంది. మోటర్‌ను రెండు మూడు డిగ్రీలు కుడికి తిప్పి బిగించండి, త్రాటిల్ (మోటర్ వేగం) మెల్లగా పెంచండి, రడ్డర్ (తోక మీది నిలువు పలక) కుడికి కొంచెం పట్టండి. అంతే.

కాసేపు ఎగిరి, ఒక్కసారిగా ఏదీ పనిచేయదు. ఇంటికెళ్తే అన్నీ బాగుంటాయి

అసలు కథ ఇదే. దీనివల్ల నావి రెండు విమానాలు పోయాయి.

మొదటిది వేసవిలో, ఎండిపోయిన చెరువులో. నాలుగో నిమిషంలో మోటర్ ఆగింది, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) కదల్లేదు, తుమ్మ చెట్టులోకి వెళ్లింది. సిగ్నల్ పోయిందనుకుని కొత్త రిసీవర్ కొన్నాను. రెండోదానికి ఊపు కోసం 3ఎస్ (మూడు సెల్లుల) బ్యాటరీ తీసేసి 4ఎస్ (నాలుగు సెల్లుల) బ్యాటరీ పెట్టాను. అది మూడు నిమిషాలకే పడింది. మూడో విమానాన్ని మూడో నిమిషం రాకుండానే దింపేసి, కౌల్ (మోటర్ మీది ముక్కు మూత) తీసి ఈఎస్‌సీ (మోటర్ వేగాన్ని అదుపు చేసే బోర్డు) మీద వేలు పెట్టాను. చురుక్కుమని కాలింది. రెండు విమానాలు ఎందుకు పడ్డాయో అప్పుడు తెలిసింది.

ఈఎస్‌సీ మోటర్‌ను తిప్పడంతో ఆగదు. అందులోని బీఈసీ అనే భాగం బ్యాటరీ వోల్టేజీని 5 వోల్టులకు దించి రిసీవర్‌కీ సర్వోలకీ ఇస్తుంది. చవక ఈఎస్‌సీల్లో ఉండేది లీనియర్ బీఈసీ. మిగిలిన వోల్టేజీనంతా అది వేడిగా మార్చి పారేస్తుంది. నిండా ఛార్జ్ అయిన 3ఎస్ బ్యాటరీ 12.6 వోల్టులు. 5 పోను 7.6. సర్వోలు ఒక్క ఆంపియర్ లాగితే 7.6 వాట్ల వేడి. 4ఎస్ అయితే 16.8 వోల్టులు, అదే ఆంపియర్‌కు 11.8 వాట్లు. మన 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌లో దాదాపు సగం వేడి. అదంతా కౌల్ లోపల, గాలి ఆడని చోట, ఏప్రిల్ ఎండలో. ఒక హద్దు దాటగానే బీఈసీ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. రిసీవర్‌కు కరెంటు ఉండదు, మోటర్‌కు ఆదేశం అందదు. ఇంటికి చేరేలోపు అది చల్లారుతుంది కాబట్టి టేబుల్ మీద అన్నీ మామూలుగా పనిచేస్తాయి. రేడియో మీద అనుమానం వచ్చేది ఇందుకే.

ఇంతకీ ఆ ఒక్క ఆంపియర్ ఎక్కణ్ణుంచి వచ్చింది? నా విమానంలో ఎలివేటర్ పుష్‌రాడ్ (సర్వోను పలకకు కలిపే కడ్డీ) కొద్దిగా వంగి ఉంది. స్టిక్ మధ్యలో ఉన్నా సర్వో సన్నగా జుయ్‌మంటూ ఉండేది. సర్వోలు అలాగే మోగుతాయిలే అని వదిలేశాను. కదలలేక ముక్కుతున్న 9 గ్రాముల సర్వో ఒక్కటే అర ఆంపియర్ పైన లాగుతుంది. ఇప్పుడు నేను చేసేదేంటంటే, హార్న్ (పలక మీద కడ్డీ తగిలించే కొక్కెం) నుంచి పుష్‌రాడ్ ఊడదీసి ఎలివేటర్‌ను వేలితో లేపి వదులుతాను. దాని బరువుకు అదే పడిపోవాలి. పడకపోతే హింజ్‌లో రంగో జిగురో పట్టేసినట్టు. తర్వాత పుష్‌రాడ్ తగిలించి స్టిక్‌ను రెండు చివర్లకూ తోసి వింటాను. చివర్లో సర్వో మూలిగితే ట్రాన్స్‌మిటర్‌లో ట్రావెల్ (సర్వో ఎంత దూరం కదలాలనే సెట్టింగు) తగ్గిస్తాను.

కొలిచి చూడాలంటే ప్రాప్ తీసేయండి. రిసీవర్‌లో ఖాళీ ఛానెల్‌కు సర్వో వైరు పెట్టి, ఎర్ర, నల్ల వైర్లకు మల్టీమీటర్ తగిలించండి. కౌల్ మూసి, విమానాన్ని ఎండలో పెట్టి, పది నిమిషాలు రెండు స్టిక్‌లనూ గుండ్రంగా తిప్పుతూ ఉండండి. అంకె 4.8 కిందికి దిగిందంటే ఆ విమానాన్ని ఎగరేయొద్దు. రెప్పపాటులో పడి లేచే వోల్టేజీని మల్టీమీటర్ పట్టుకోలేదు. రేడియోలో టెలిమెట్రీ (విమానం నుంచి కొలతల్ని వెనక్కి పంపే సదుపాయం) ఉంటే అందులో అతి తక్కువ వోల్టేజీ ఎంతో కూడా చూడండి.

పరిష్కారం: 5 ఆంప్ స్విచింగ్ యూబీఈసీ (ఈఎస్‌సీ బయట విడిగా ఉండే బీఈసీ) పెట్టండి. అది లీనియర్ దానిలా మిగిలిన వోల్టేజీనంతా వేడిగా పారేయదు. పెట్టాక ఈఎస్‌సీ నుంచి రిసీవర్‌కు వెళ్లే ప్లగ్గులో మధ్య ఎర్ర వైరు తీసేయాలి, పాత బీఈసీ కరెంటు వచ్చేది దాని మీదే. ప్లాస్టిక్ నాలుకను గుండుసూదితో లేపితే పిన్ను జారి వస్తుంది. కోయొద్దు, టేప్ చుట్టి వెనక్కి కట్టండి. దాన్ని తీయకుండా రెండు బీఈసీలనూ ఒకే రిసీవర్‌కు తగిలించి, "ఇప్పుడు ఇంకా గట్టిగా ఉంటుంది" అనుకునేవాళ్లున్నారు. ఉండదు. కౌల్‌లో గాలి బయటికి పోయే దారి, లోపలికి వచ్చే దారికి రెండింతలు ఉండాలి. స్కేల్ అందం చెడుతుందని ఆ దారిని మూసేసింది కూడా నేనే. మీ ఈఎస్‌సీలో ముందే స్విచింగ్ బీఈసీ ఉంటే లేబుల్ మీద రాసి ఉంటుంది, ఒకసారి చదవండి.

నిజంగా సిగ్నలే పోతే

రేంజ్ టెస్ట్ మోడ్‌లో (రేడియో సిగ్నల్ బలాన్ని కావాలని తగ్గించే మోడ్‌లో) 30 అంగలు నడిచి వెళ్లి చూడండి. రిసీవర్ యాంటెన్నాలు రెండూ ఒకదానికొకటి లంబంగా, కార్బన్ రాడ్‌కు దూరంగా ఉండాలి. ఫెయిల్‌సేఫ్‌లో (సిగ్నల్ పోతే రిసీవర్ ఏం చేయాలో చెప్పే సెట్టింగులో) త్రాటిల్ సున్నా పెట్టండి, ట్రాన్స్‌మిటర్ ఆపి అది పనిచేస్తోందో లేదో చూడండి. సెల్ టవర్, హైటెన్షన్ లైన్ మీద నెపం పెట్టడం చివరికి చేయాల్సిన పని. ఈఎస్‌సీలో సోల్డర్ పగలడం, సర్వో గేరు అరగడం లాంటివి ఉంటాయి కానీ అరుదు.

హైదరాబాద్ చుట్టూ ఎగరేసేవాళ్లకు ఇంకో మాట. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్, ఎటు పోయినా ఏదో ఒక రన్‌వే ఉంటుంది. బయల్దేరే ముందే డిజిటల్ స్కై మ్యాప్‌లో (ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ ఆన్‌లైన్ మ్యాప్‌లో) మీ మైదానం ఏ రంగులో ఉందో చూడండి. ఎర్రగా ఉంటే విమానాన్ని కారులోంచి దించొద్దు.

ఇవన్నీ చేశాక కూడా పడిపోతుంటే నన్ను అడగండి. అడిగేటప్పుడు "మొత్తం చెక్ చేశా" అని కాకుండా, ఎండలో పది నిమిషాల తర్వాత మల్టీమీటర్ ఎంత చూపించిందో ఆ అంకె పంపండి.