కొత్త కారులో ఇంజిన్ లైట్: నా అనుభవం

కారు కొని నెల కూడా కాలేదు, ఇంజిన్ లైట్ వెలిగింది. బండి మామూలుగానే నడుస్తోంది, లైట్ మాత్రం ఆరదు. ఆపి స్టార్ట్ చేశాను, ఆయిల్ చూశాను, బ్యాటరీ వైరు తీసి పెట్టాను, లాభం లేదు.

చివరికి ఓబీడీ స్కానర్ (కారులోని లోపాల కోడ్ చదివే పరికరం) పెడితే పీ0457 అని కోడ్ వచ్చింది, అంటే పెట్రోల్ ఆవిరి లీకవుతోంది, ముందు ట్యాంక్ మూత చూసుకోమని. తీసి చూస్తే రబ్బరు రింగు మీద దుమ్ము. పొడిగుడ్డతో తుడిచి, టక్ మని శబ్దం వచ్చేదాకా బిగించాను. వెంటనే ఆరలేదు (అక్కడే నాకు మళ్లీ టెన్షన్), నాలుగు రోజులు మామూలుగా తిప్పాక దానంతటదే పోయింది.

మీకూ ఇదే కారణమని చెప్పలేను, కోడ్ వేరైతే కథ వేరు. లైట్ మిణుకుమిణుకుమంటుంటే మాత్రం మూత జోలికి పోకండి, అది మిస్‌ఫైర్ (ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) కావచ్చు, బండి పక్కన ఆపి సర్వీసు వాళ్లకు ఫోన్ చేయండి.