సిగ్నల్ ఫుల్, నెట్ మాత్రం స్లో: నా అనుభవం

ఉబుంటు (లినక్స్) ల్యాప్‌టాప్‌లో వైఫై కనెక్ట్ అయ్యే ఉంటుంది కానీ పేజీ ఓపెన్ అవ్వదు. అదే రౌటర్‌కి ఫోన్ కలిపితే బాగానే వస్తోంది కాబట్టి లైన్ తప్పు కాదని తేలిపోయింది. రౌటర్ అడ్రస్ 192.168.1.1 కి పింగ్ (చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడటం) కొడితే ఒకసారి 3 మిల్లీసెకన్లు, వెంటనే 200, మళ్ళీ 3, పక్క గదిలో ఉన్నదానికే ఇంత టైమా! డ్రైవర్ (వైఫై కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) మళ్ళీ వేసుకోమని అందరూ చెప్తారు గానీ ముందు టెర్మినల్‌లో వైఫై సెట్టింగులు చూపించే ఐడబ్ల్యూ (iw) కమాండ్‌తో పవర్ సేవ్ చూడండి, నాకు ఆన్ అని వచ్చింది. బ్యాటరీ కోసం వైఫై కార్డు మధ్యమధ్యలో కునుకు తీస్తుందన్నమాట. ఉబుంటులో నెట్ కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైల్‌లో వైఫై పవర్‌సేవ్ 3 ఉంటే దాన్ని 2 చేసి (2 అంటేనే ఆఫ్, 0 పెడితే ఆఫ్ అయిపోతుందనుకోకండి) సర్వీస్ రీస్టార్ట్ చేశా. పింగ్ 3 దగ్గరే నిలబడింది. బ్యాటరీ కాస్త తొందరగా అయిపోతుందేమో, పర్లేదు.