చప్పుడు గడప దాటకుండా బ్యాండ్ రిహార్సల్

మా బ్యాండ్‌లో నేను బేస్ గిటార్ వాయిస్తాను. వైర్లు, మిక్సర్ (అందరి సౌండ్‌నూ కలిపే పెట్టె) వ్యవహారం కూడా నా నెత్తినే పడింది. ఎలక్ట్రానిక్ డ్రమ్స్ తెచ్చుకుని తలా ఒక హెడ్‌ఫోన్ తగిలించుకుంటే పనైపోతుందని చాలామంది అనుకుంటారు. గదిలో చప్పుడు తగ్గించడం తేలికే. ఒకరు వాయించేది మరొకరికి సరిగ్గా వినిపించేలా చేయడంలోనే ఉంది తంటా అంతా. అందుకే వాద్యాల మీద డబ్బు పెట్టేముందు, ఎవరి చెవిలోకి ఏం వెళ్లాలో తేల్చుకోండి.

ముందు ఛానెళ్లు, అంటే మిక్సర్‌లోకి సౌండ్ వచ్చే దారులు, లెక్కేయండి. డ్రమ్ మాడ్యూల్‌కు (ప్యాడ్ మీద దెబ్బను సౌండ్‌గా మార్చే పెట్టె) ఎడమ, కుడి కలిపి 2, కీబోర్డుకు 2, గిటార్‌కు 1, బేస్‌కు 1, పాడేవాళ్లకు 2, మాట్లాడుకోవడానికి ఒక మైక్. మొత్తం 9. మిక్సర్ కొనేటప్పుడు అందరూ ఈ ఇన్‌పుట్లే చూస్తారు. నేను మాత్రం ఆక్స్ అవుట్‌పుట్లు (ఏది ఎంత వినబడాలో విడిగా కలిపి, ఆ మిక్స్‌ను బయటికి పంపే జాక్‌లు) ఎన్నున్నాయో చూడమంటాను. నలుగురికి నాలుగు జాక్‌లున్న చిన్న హెడ్‌ఫోన్ ఆంప్‌లు (హెడ్‌ఫోన్‌కు సరిపడా సౌండ్ పెంచే పెట్టెలు) దొరుకుతాయి కానీ, వాటిలో చాలావాటికి లోపలికొచ్చే సిగ్నల్ ఒక్కటే. వాల్యూమ్ ఎవరిది వాళ్లదే అయినా మిక్స్ అందరికీ ఒకటే. డ్రమ్మర్‌ బేస్ పెంచమంటే అందరి చెవుల్లోనూ బేస్ పెరుగుతుంది. ముగ్గురే ఉంటే సర్దుకుపోవచ్చు. పాడేవాళ్లు చేరాక అది కుదరదు. తలా ఒక ఆక్స్, దానికొక హెడ్‌ఫోన్ ఆంప్ ఉండాల్సిందే. ఆక్స్‌లను ప్రీ-ఫేడర్‌లో పెట్టండి, అంటే ఛానెల్ వాల్యూమ్ మీట (ఫేడర్) కంటే ముందే సిగ్నల్ తీసుకునేలా. లేకపోతే ఎవరైనా ఛానెల్ ఫేడర్ కదిపిన ప్రతిసారీ అందరి మిక్సూ కదులుతుంది.

ఆంప్ లేకుండా హెడ్‌ఫోన్‌ను నేరుగా ఆక్స్ జాక్‌లో గుచ్చకండి. సౌండ్ చాలదు, అది ఒకటి. అది బ్యాలెన్స్‌డ్ అవుట్‌పుట్ (ఒకే సిగ్నల్‌ను రెండు తీగల్లో పంపేది) అయితే ఎడమ చెవికి వెళ్లే సిగ్నలే తలకిందులై కుడి చెవికి వెళ్తుంది. వినడానికి బోలుగా, ఎక్కడినుంచో వస్తున్నట్టుగా ఉంటుంది. హెడ్‌ఫోన్ పాడైందని పారేసేవాళ్లు కూడా ఉంటారు!

బ్లూటూత్ హెడ్‌ఫోన్ల ఊసెత్తకండి, వాటిలో సౌండ్ ఆలస్యంగా వస్తుంది. గాలిలో శబ్దం 10 మిల్లీసెకన్లలో సుమారు 3.4 మీటర్లు వెళ్తుంది. అంటే ఆ మాత్రం ఆలస్యం స్టేజీ మీద ఆంప్‌కి కాస్త దూరంగా నిలబడటం లాంటిదే, ఎవరికీ ఇబ్బంది ఉండదు. బ్లూటూత్‌తో మామూలుగా 100 మిల్లీసెకన్లు దాటిపోతుంది. 120 బీపీఎమ్ (నిమిషానికి 120 బీట్లు) పాటలో ఒక బీట్ 500 మిల్లీసెకన్లు, అందులో నాలుగో వంతు 125. మీ చెయ్యి ఒకచోట, మీ చెవి దాదాపు ఆ నాలుగో వంతు వెనక ఉంటే తాళం నిలబడదు. కంప్యూటర్ ద్వారా వాయించేవాళ్లు బఫర్‌ను (కంప్యూటర్ ఒక్కోసారి పోగుచేసి పంపే సౌండ్ ముక్క, అది చిన్నదైతే ఆలస్యం తగ్గుతుంది) 128 శాంపిళ్లు, కుదిరితే 64కి తగ్గించుకోండి. వైరు ఉన్న, చెవిని పూర్తిగా మూసే క్లోజ్డ్-బ్యాక్ రకమే తీసుకోండి.

గిటార్‌ను నేరుగా మిక్సర్‌లో పెడితే కందిరీగ రొదలా ఉంటుంది. స్పీకర్ క్యాబినెట్‌ను అనుకరించే మోడలర్ పెడల్ మధ్యలో ఉండాలి. బేస్‌కు డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) చాలు.

ఇక మిక్స్. "నా సౌండ్ నాకు వినబడటం లేదు" అన్న మాటతోనే ప్రతి రిహార్సల్ మొదలవుతుంది. ఒకరు పెంచుకుంటే పక్కవాళ్లూ పెంచుకుంటారు. గంట తిరిగేసరికి అందరికీ తలనొప్పి. మా దగ్గర వరస ఇది: ముందు కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్), స్నేర్ (కర్రతో కొట్టే చిన్న డ్రమ్). తర్వాత గొంతు. ఆ తర్వాత మిగతా వాద్యాలు. చివరిగా ఎవరి సొంత వాద్యం వాళ్లకి, అదీ సరిపోయేదానికి ఒక పిసరు తక్కువగా. మీ వాద్యం మీకు మరీ గట్టిగా వినబడితే పక్కవాడు తాళం తప్పినా పట్టించుకోరు. ఏదైనా వినబడకపోతే దాన్ని పెంచేముందు మిగతావి తగ్గించి చూడండి. 85 డెసిబెల్స్ దగ్గర రోజుకు 8 గంటలు హద్దు అంటారు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది, 94కి వచ్చేసరికి గంటే మిగులుతుంది. ఆక్స్‌లను జంటగా స్టీరియోలో పెట్టగలిగితే ఎవరు ఎటు నిలబడ్డారో అటే వాళ్ల సౌండ్ పంపండి. అందరి మీదా ఒకే రివర్బ్ (గదిలో ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్) కొద్దిగా వేస్తే ఒకే గదిలో ఉన్నట్టనిపిస్తుంది.

పాడేవాళ్ల కష్టం వేరు. చెవులు మూసుకుపోతే సొంత గొంతు తల లోపల గుమ్మంటుంది, శృతి జారుతుంది. ఒక చెవి కప్పు కాస్త వెనక్కి జరిపి పాడటం మంచిదే. అప్పుడు ఆ వైపు సౌండ్ తగ్గించండి, లేకపోతే మైక్‌లోకి కారుతుంది. ఎలక్ట్రానిక్ గొంతంటూ లేదు కాబట్టి గదిలో మిగిలే అసలు చప్పుడు అదే. మైక్ పెదాలకు దగ్గరగా పెట్టుకుంటే గట్టిగా అరవాల్సిన అవసరం ఉండదు.

ఇంకో చప్పుడు గదిలో ఉన్నవాళ్లకు తెలియదు, అది కిక్ పెడల్ అదురు. ప్యాడ్ మీద కర్ర టకటక గోడలు దాటదు కానీ, కాలి దెబ్బ నేలలోంచి కింది అంతస్తుకి దిగుతుంది. పల్చటి రబ్బరు చాపతో పెద్దగా ఒరిగేదేం లేదు. రెండు చెక్క పలకల మధ్య, గుంటలు కోసి టెన్నిస్ బంతులు అమర్చి, డ్రమ్స్ మొత్తం దాని మీద పెట్టండి. తర్వాత ఒకరు కిందికెళ్లి ఫోన్‌లో మాట్లాడుతూ వినండి, పైన డ్రమ్మర్ కిక్ ఒక్కటే కొడుతుండాలి.

వలయంగా, ఒకరినొకరు చూసుకునేలా నిలబడండి. చెవులు మూసి ఉన్నప్పుడు పాట ముగింపు కంటిసైగతోనే తెలియాలి. ఆన్, ఆఫ్ స్విచ్ ఉన్న మైక్ ఒకటి మధ్యలో పెట్టి అందరి మిక్స్‌లోకీ పంపండి. ఇది లేకపోతే ప్రతి మాటకీ అందరూ హెడ్‌ఫోన్లు తీయాలి. వాయించేటప్పుడు మాత్రం ఆపేయండి, లేదంటే ప్యాడ్ల టకటక అందరి చెవుల్లోకీ వస్తుంది.

డిజిటల్ మిక్సర్ అయితే సర్దడం అయ్యాక సీన్ (అన్ని సెట్టింగులూ కలిపి) సేవ్ చేయండి. నాబ్‌లున్న మిక్సర్ అయితే వైర్లు పీకేముందు పై నుంచి ఒక ఫోటో తీసి గ్రూప్‌లో పెట్టండి.