తెర మీద తుఫాను - ఐదో పాఠం: ఒంటికి తగిలేదంతా ఒడ్డునే

పోయిన పాఠంలో ట్రైపాడ్ కదలకుండా ఖాళీ ప్లేట్ (నటులెవరూ లేని ఉత్త దృశ్యం) తీయడం నేర్చుకున్నాం. ఈసారి దాని మీద షాట్ కడదాం. నెల్లూరు జిల్లా మైపాడు ఒడ్డున తుఫాను ముంచుకొస్తోంది, ఒక మనిషి పడవ మోకును గుంజకు కడుతున్నాడు. ఆరు సెకన్లు చాలు.

ముందుగా కాగితం తీసుకుని, ఈ షాట్‌లో మనిషి ఒంటికీ బట్టకీ కాళ్ళకింది ఇసుకకీ తగిలేవి ఏమిటో రాయండి. మోకు, గాలి, తడి. ఈ మూడూ ఒడ్డునే నిజంగా జరగాలి. నల్లమబ్బు, దూరాన వానతెర, లేచే అల కంప్యూటర్‌ పని. 1993 నాటి జురాసిక్ పార్క్‌లో డైనోసార్ రాకముందే కారులో గ్లాసులోని నీళ్ళు వణుకుతాయి. ఆ వణుకు గిటారు తీగ మీటి తెప్పించింది. నీళ్ళు నిజంగా కదిలాయి కాబట్టే, రాబోయే జంతువు బరువు మనకు తెలిసింది.

మోకు దగ్గర అశ్రద్ధ చేయకండి. నటుణ్ణి ఉత్తుత్తిగా లాగమంటే భుజాలు మాత్రమే ఊగుతాయి. ఫ్రేము బయట ఇద్దరిని నిలబెట్టి రెండో కొస గట్టిగా లాగించండి. అప్పుడు చూడండి: మడమలు ఇసుకలో దిగబడతాయి, ముంజేతి నరాలు తేలతాయి, తడిసిన మోకు బిగిసేసరికి నీళ్ళు చిమ్ముతాయి. ఇవి తర్వాత కంప్యూటర్‌లో పెట్టాలంటే పెద్ద కంపెనీలకే చాకిరీ.

గాలికి వడ్లు తూర్పారబట్టే ఫ్యాను బాగా పనికొస్తుంది. ఊళ్ళో ఎవరినైనా అడిగి తెచ్చుకోండి. వైరు జాయింట్లు ఇసుక మీద పడనీయకండి, తడిచేతులతో ఎవరూ దాన్ని ముట్టకూడదు. నిజంగా తుఫాను హెచ్చరిక ఉంటే ఆ రోజు షూటింగే వద్దు.

ఇక వెలుతురు. మన తీరం తూర్పు ముఖంగా ఉంది. పొద్దున సముద్రం వైపు కెమెరా పెడితే సూర్యుడు ఎదురుగా ఉంటాడు, ఇసుక మీద నీడలు పొడుగ్గా పడతాయి. ఆ నీడల మీద నల్లమబ్బు అతికిస్తే, తప్పెక్కడుందో చూసేవాళ్ళు చెప్పలేరు గానీ నమ్మరు. పొద్దు పడమట కుంకిన వెంటనే కాసేపు నీడలేని వెలుతురు ఉంటుంది, అప్పుడు తీయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల కాలం కదా, ముసురుపట్టిన రోజు దొరికితే అంతకంటే అదృష్టం లేదు.

ఫోన్‌ను ఆటో మోడ్‌లో వదలొద్దు. సెకనుకు 24 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు లోపలికి వచ్చే సమయం) 1/50 సెకను పెట్టండి. ఎండలో ఆటో షట్టర్ 1/1000 దాకా పోతే చినుకు గీతలా సాగకుండా చుక్కలా ఆగిపోతుంది.

కెమెరా ఎత్తు కూడా ముఖ్యమే. సముద్రం, ఆకాశం కలిసే గీత ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే కనిపిస్తుంది. నటుడు వంగి లాగుతున్నప్పుడు కెమెరా అతని తలకంటే పైన ఉంటే తల ఆ గీత దాటదు. అప్పుడు ఆకాశం మార్చడానికి ఒక్క అడ్డగీత మాస్క్ (ఏ భాగం మార్చాలో కంప్యూటర్‌కు చూపే హద్దు) సరిపోతుంది, జుట్టు చుట్టూ కత్తిరించే బాధ తప్పుతుంది. దీనికోసం పడవ అంచెక్కి తీసినా సరే.

ఒడ్డున తీసిందీ కంప్యూటర్ మబ్బూ కలిసే అతుకు కనిపించే చోట నిజమైన తుంపర వేయాలి. రాత్రి పెరట్లో నల్లగుడ్డ కట్టి, లైటు పక్కవాటుగా వెనకనుంచి వేసి, చేతి స్ప్రేయర్‌తో నీళ్ళు కొట్టి తీయండి. వెనక లైటు లేకపోతే చినుకులు కనపడవు. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌లో ఆ క్లిప్‌ను పై ట్రాక్‌లో పెట్టి కాంపోజిట్ మోడ్ స్క్రీన్‌కు మార్చితే నలుపు మాయమై తుంపరే మిగులుతుంది. మబ్బును కొంచెం మసకచేయండి, దూరాన ఉన్నదేదీ మోకంత నల్లగా ఉండకూడదు. గ్రెయిన్ (ఫిల్మ్ మీద కనిపించేలాంటి సన్నని నలుసులు) మాత్రం చివర్లో మొత్తం షాట్‌కి ఒకేసారి వేయండి.

వచ్చే పాఠానికి ఈ షాట్‌నే రెండు రకాలుగా తీసి ఉంచండి: ఒకటి మోకు రెండో కొస మనుషులు లాగుతుండగా, ఇంకొకటి వదిలేసి. శబ్దం ఆపేసి పక్కపక్కన చూడండి. ఆరో పాఠంలో కెమెరా కిందికి దించి, తల ఆకాశంలోకి వచ్చినప్పుడు ఏంచేయాలో చూద్దాం.