స్నేహితులతో కూర్చుని ఒక ఆల్బమ్ మొత్తం విని, దాని మీద వాదించుకోవడం ఎలా?

మేం ఐదుగురం మొదటిసారి కలిసి విన్న ఆల్బమ్ పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. విన్నాం అనడం కూడా ఎక్కువే. ఫోన్‌లో పాటల వరుసను కలగలిపేసే షఫుల్ ఆన్ అయి ఉంది, ఎవరమూ చూసుకోలేదు. గుండె చప్పుడుతో మొదలై గుండె చప్పుడుతోనే ఆగిపోయే ఆల్బమ్ అది. మాకు ఆ ఆఖరి చప్పుడు మూడో పాటకే వచ్చేసింది. ఇద్దరు మెసేజ్‌లు చూసుకుంటున్నారు. అంతా అయ్యాక చర్చ మొదలుపెట్టాం. "సూపర్" అన్నాడొకడు. "బోర్‌రా బాబూ" అన్నాడు ఇంకొకడు. "నీకేం తెలుసులే" అనేసరికి చర్చ ముగిసింది.

చాలాసార్లు కూర్చున్నాక అర్థమైంది. ఇద్దరూ పాటలో ఒకే చోటు గురించి మాట్లాడితేనే వాదన సాగుతుంది. అందుకే ఇప్పుడు మా దగ్గర ఎవరేమన్నా ఎదురు ప్రశ్న ఒకటే: "ఎక్కడ?" ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పాలంటే ఎలా వినాలో కింద రాస్తున్నాను.

1. ఆల్బమ్ ఎంచుకోండి

మొదటి కొన్నిసార్లు 35 నుంచి 45 నిమిషాల ఆల్బమ్‌లే పెట్టుకోండి. వెతుక్కునే పనేం లేదు, పాత గొప్ప ఆల్బమ్‌లు చాలావరకు ఆ కొలతలోనే ఉంటాయి. 1948లో వచ్చిన ఎల్‌పీ రికార్డులో (రెండు వైపులా పాటలుండే పెద్ద ప్లేటు) ఒక్కో వైపు దాదాపు 20 నిమిషాలు బాగా పట్టేది, అందరూ దానికి తగ్గట్టే పాటలు పేర్చుకున్నారు. 'డార్క్ సైడ్' 43 నిమిషాలు. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' (1982) తొమ్మిది పాటలు, 42 నిమిషాలు. అదే 1982లో సీడీ అమ్మకానికి వచ్చింది. అందులో 74 నిమిషాలు పడుతుందనేసరికి ఆ తర్వాతి ఆల్బమ్‌లు సాగుతూ పోయాయి. నన్నడిగితే అందులో కొంత పీచే.

హిట్ పాటల సంకలనాలు వద్దు. పాటల వరుస మీద ఎవరో ఒకరు తల బద్దలు కొట్టుకుని ఉంటేనే మనం వాదించడానికి ఏదైనా ఉంటుంది. అందరూ ముందే తలూపే ఆల్బమ్ కూడా వద్దు. మాకు బాగా పనికొచ్చినవి జంటలు. నిర్వాణ 'నెవర్‌మైండ్' (1991) ఒక వారం, 'ఇన్ యుటెరో' (1993) మరుసటి వారం. బ్యాండ్ అదే, పాడేవాడూ వాడే. మొదటిది నున్నగా దిద్దినట్టుంటుంది, రెండోదాంట్లో దాన్ని రికార్డు చేసిన స్టీవ్ అల్బీనీ గదిలో మోగినదాన్ని మోగినట్టే పట్టాడు. ఇంకో జంట బీచ్ బాయ్స్ 'పెట్ సౌండ్స్' (1966), బీటిల్స్ 'సార్జెంట్ పెప్పర్స్' (1967). మొదటిది విన్న ప్రభావం రెండోదాని మీద ఉందని బీటిల్స్‌లోని పాల్ మెకార్ట్నీ స్వయంగా ఒప్పుకున్నాడు. ఆ ప్రభావం ఎక్కడుందో వెతకడమే ఒక సాయంత్రం పని.

ఎంపిక వంతులవారీగా. ఒకరి వంతు వచ్చినప్పుడు మిగతావాళ్లకు కాదనే హక్కు లేదు. ఈ ఒక్క నియమం లేకపోతే ఎవరికీ అభ్యంతరం లేని ఆల్బమ్‌లే మిగులుతాయి, వాటి మీద మాట్లాడుకోవడానికి ఏమీ ఉండదు.

2. ఏ వెర్షనో తేల్చుకోండి

బీటిల్స్ 'లెట్ ఇట్ బీ' అనుకున్న వారం అందరం ఇంట్లో ఒకసారి విని వచ్చాం. "ది లాంగ్ అండ్ వైండింగ్ రోడ్" పాట దగ్గర గొడవ మొదలైంది.

"వయొలిన్లతో పాటను ముంచేశారురా."

"వయొలిన్లా? ఎక్కడున్నాయి?"

"నీకు చెవుడా?"

అరగంట తర్వాత తేలింది, ఒకడు విన్నది 1970లో వచ్చిన అసలు ఆల్బమ్, ఇంకొకడు విన్నది 2003లో వచ్చిన 'లెట్ ఇట్ బీ నేకెడ్'. మొదటిదానికి నిర్మాత ఫిల్ స్పెక్టర్ ఆర్కెస్ట్రా, కోరస్ గొంతులు చేర్చాడు. అది మెకార్ట్నీకే నచ్చలేదు. రెండోదాంట్లో అవన్నీ తీసేశారు. ఇద్దరూ నిజమే చెప్పారు, అరగంట మాత్రం పోయింది.

కాబట్టి పేరుతో పాటు సంవత్సరం, ఎడిషన్ కూడా గ్రూపులో పెట్టండి. డీలక్స్ ఎడిషన్ అయితే అసలు ఆల్బమ్ ఏ పాటతో ముగుస్తుందో రాయండి, అక్కడ ఆపేయండి. వెనక అతికించిన డెమోలు (అసలు రికార్డింగ్‌కు ముందు చేసుకునే కచ్చా నమూనాలు), లైవ్ ముక్కలు తర్వాత ఎవరి ఓపిక వాళ్లది.

3. గది, స్పీకర్, సెట్టింగులు

షఫుల్ ఆపండి. 2021లో అడెల్ తన '30' ఆల్బమ్ అప్పుడు అడిగితే స్పాటిఫై వాళ్లు ఆల్బమ్ పేజీలో ప్లే బటన్ నొక్కగానే షఫుల్ అయ్యే పద్ధతి మార్చారు. అయినా ఒకసారి చూసుకోండి, మా అనుభవం చెప్పాను కదా. క్రాస్‌ఫేడ్ కూడా ఆపాలి. అది ఒక పాట తోకను ఇంకో పాట తల మీద పెడుతుంది.

స్పీకర్లు రెండు ఉండాలి, ఎదురుగా, కాస్త ఎడంగా. ఇది షోకు కోసం చెప్పడం లేదు. బీటిల్స్ 'రబ్బర్ సోల్' (1965) పాత స్టీరియో మిక్స్‌లో చాలా పాటల్లో గొంతులు ఒక వైపు, వాయిద్యాలు మరో వైపు ఉంటాయి. ఇద్దరు చెరో ఇయర్‌బడ్ పెట్టుకుని వింటే ఒకరికి గొంతు, ఇంకొకరికి కరోకే. ఆ తర్వాత ఏం వాదించుకుంటారు?

రెండు ఆల్బమ్‌లు పోల్చేటప్పుడు వాల్యూమ్ సమం చేయండి. కొంచెం గట్టిగా మోగేదే బాగున్నట్టు చెవికి అనిపిస్తుంది, ఎవరి చెవీ దీనికి మినహాయింపు కాదు. 1990ల నుంచి వచ్చిన సీడీల్లో శబ్దాన్ని అదిమి అదిమి పెంచుతూ పోయారు. పాత ఆల్బమ్ పక్కన వాటిని అదే వాల్యూమ్‌లో పెడితే పాతది నీరసంగా ఉందని తీర్పు చెప్పేస్తాం.

ఫోన్లు బోర్లా. పాట పెట్టేవాడి ఫోన్‌తో సహా.

4. మొదటిసారి మాట్లాడకుండా వినండి, చీటీ రాయండి

ఒక్కొక్కరికీ ఒక కాగితం. అందులో అభిప్రాయం రాయొద్దు. పాట నంబరు, నిమిషం, సెకను, పక్కన రెండు మూడు మాటలు, అంతే. "పల్లవి మళ్లీ వస్తుందనుకున్నా, రాలేదు." "గొంతు వెనక్కి వెళ్లింది." "ఇదేం శబ్దం?" ఆల్బమ్ అయ్యేసరికి పది పన్నెండు గుర్తులుంటే చాలు. పాటంతా రాస్తూ కూర్చునేవాళ్లు పాట వినరు.

ఎల్‌పీల కాలం నాటి ఆల్బమ్ అయితే మొదటి సైడ్ అవగానే రెండు నిమిషాలు ఆపండి. దీని అవసరం మాకు బీటిల్స్ 'అబీ రోడ్' (1969) విన్నప్పుడు తెలిసింది. మొదటి సైడ్ చివరి పాట "ఐ వాంట్ యూ". ఏడున్నర నిమిషాలు దాటినా అదే గిటార్ వరుస, తిరిగిందే తిరుగుతూ, కింద నుంచి గాలివాన లాంటి హోరు పెరుగుతూ ఉంటుంది. ఇక ఎక్కడో తేలాలి అనుకునేలోపు కత్తెరతో కోసినట్టు నిశ్శబ్దం. నిజంగానే కోశారు, టేపును అక్కడ కత్తిరించమని బీటిల్స్‌లోని జాన్ లెనన్ చెప్పాడు. నా చీటీలో ఆ చోట "స్పీకర్ పోయిందా?" అని ఉంది.

రికార్డు మీద అయితే ఇప్పుడు లేచి వెళ్లాలి, ప్లేటు తిప్పాలి, ముల్లు పెట్టాలి. అప్పుడు గానీ జార్జ్ హారిసన్ "హియర్ కమ్స్ ద సన్" రాదు. యాప్‌లో రెండు పాటల మధ్య రెప్పపాటు కూడా ఉండదు. హోరు తాలూకు దడ తగ్గకముందే ఎండ కాసేస్తుంది. ఆ రోజు ఒకడు "ఈ రెండూ పక్కపక్కన అస్సలు అతకలేదు" అన్నాడు. ఆపి, రెండు నిమిషాలు ఊరుకుని, మళ్లీ పెట్టాం. "సరే" అన్నాడు. వాడు అంతకంటే ఎక్కువ ఎప్పుడూ ఒప్పుకోడు.

5. ఇప్పుడు వాదన

ఆల్బమ్ గురించి అందరికంటే తక్కువ తెలిసినవాళ్లు ముందు మాట్లాడాలి. బ్యాండ్ చరిత్ర మొత్తం బట్టీ పట్టినవాడు చివర్న. లేకపోతే వాడు నోరు తెరిచాక మిగతావాళ్లు తమ చీటీలు మడిచి జేబులో పెట్టుకుంటారు.

ఆ తర్వాత "ఎక్కడ?" పని మొదలవుతుంది.

"మొత్తం డొల్లగా ఉందిరా."

"ఎక్కడ?"

"మొత్తం అంటున్నా కదా."

"మొత్తం అంటే కుదరదు. ఒక చోటు పెట్టు."

పెడతాడు. ముప్పై సెకన్లు అందరం వింటాం. ఈ సంభాషణ మెటాలికా 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' (1988) మీద జరిగింది. ముప్పై సెకన్లకే దొరికింది: బేస్ గిటార్ (పాటకు అడుగున బరువైన స్వరాలు మోగించేది) లేదు. ఉంది, బ్యాండ్‌లోని జేసన్ న్యూస్టెడ్ వాయించాడు, మిక్సింగ్‌లో దాన్ని దాదాపు వినపడనంతగా తగ్గించేశారు. "డొల్ల" అన్న మాట అప్పటిదాకా తిట్టు, అక్కడి నుంచి అది గమనిక.

అక్కడితో ఆగలేదు. ఇంకొకతను ప్రిన్స్ "వెన్ డవ్స్ క్రై" పెట్టాడు, 'పర్పుల్ రెయిన్' (1984) లోది. అందులోనూ బేస్ లేదు. ప్రిన్స్ కావాలనే తీసేశాడు. డాన్స్ పాటలో బేస్ లేకపోవడం అప్పటికి వింతే. మరి అది డొల్లగా ఎందుకు లేదు? ఒకరు డ్రమ్ మెషీన్ మోతే అడుగు భాగం కూడా నింపేస్తోందన్నారు. ఇంకొకరు ఆ ఖాళీలో గొంతు ఒంటరిగా నిలబడిందని, పాటకు కావలసింది అదేనని అన్నారు. నా మాట వేరు: మెటాలికాలో గిటార్లు దట్టంగా ఉన్నాయి కాబట్టి కింద ఏదో ఉండాలని చెవి ఎదురుచూస్తుంది, ప్రిన్స్ మొదటి నుంచే పలచగా కట్టాడు కాబట్టి ఎదురుచూడదు. ఎవరూ ఎవరికీ లొంగలేదు. కానీ రెండు పాటలూ ఆ రాత్రి నాలుగేసి సార్లు మోగాయి.

పత్రికల లిస్టులను సాక్ష్యంగా తేనివ్వకండి. రోలింగ్ స్టోన్ పత్రిక 500 ఆల్బమ్‌ల జాబితాలో 2003లో మొదటి స్థానం 'సార్జెంట్ పెప్పర్స్'ది. 2020లో జాబితా మళ్లీ వేస్తే అది 24కు దిగింది, మార్విన్ గే 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆరు నుంచి ఒకటికి ఎక్కింది. రికార్డుల్లోని శబ్దం అదే, ఓటేసినవాళ్లు మారారు.

6. కథలు చివర్న చెప్పండి

ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 'రూమర్స్' (1977) వెనక కథ తెలియకుండా వింటే హాయిగా సాగిపోయే పాటలు. తెలిశాక విడాకుల కాగితాలు. బ్యాండ్‌లోని జంటలు లిండ్సీ బకింగ్‌హామ్, స్టీవీ నిక్స్ విడిపోయారు, జాన్, క్రిస్టీన్ మెక్‌వీ విడాకులు తీసుకున్నారు, అయినా అందరూ అదే స్టూడియోలో ఒకరి పాటకు ఒకరు వంత పాడారు. ఈ సంగతి ముందే చెబితే వినేవాళ్లు పాట వదిలేసి ఎవరు ఎవరిని అంటున్నారో లెక్కలు వేస్తారు. అందుకే మొదటి అభిప్రాయాలు పూర్తయ్యాకే కథ విప్పండి, తర్వాత ఒక్క పాట మళ్లీ వినండి. ఏం మారిందో అప్పుడు మాట్లాడుకోవచ్చు.

'డార్క్ సైడ్' కథ ఇంకా మంచి గొడవ తెస్తుంది. "ద గ్రేట్ గిగ్ ఇన్ ద స్కై"లో మాటల్లేకుండా ఆలపించిన గాయని క్లేర్ టోరీకి ఆ రోజు ఇచ్చింది 30 పౌండ్లు. ఆ ఆలాపన ఎవరూ రాసిచ్చింది కాదు, ఆమె అప్పటికప్పుడు అందుకున్నది. దశాబ్దాల తర్వాత కోర్టుకెళ్లింది. 2005లో రాజీ కుదిరాక పాట రచయితల్లో ఆమె పేరు కూడా చేరింది. పాట ఎవరిది? మా ఇద్దరు మిత్రులు దీని మీద ఇప్పటికీ ఏకాభిప్రాయానికి రాలేదు.

7. మాటలు తిరిగినచోటే తిరుగుతుంటే కత్తెర పట్టండి

బీటిల్స్ 'వైట్ ఆల్బమ్' (1968) లో 30 పాటలు, గంటన్నర పైనే. నిర్మాత జార్జ్ మార్టిన్‌కే దాన్ని ఒక రికార్డుకు కుదిస్తే బాగుండేదనిపించింది. మీరు కుదించండి. ఒక్కొక్కరూ 45 నిమిషాలు మించకుండా పాటలు ఏరి, వరుస పెట్టి, చదివి వినిపించాలి. తీసేసిన ప్రతి పాటకూ కారణం చెప్పాలి. ఎనిమిది నిమిషాలు దాటే "రెవల్యూషన్ 9" దగ్గర స్నేహాలు పరీక్షకు నిలుస్తాయి. ట్యూనూ పల్లవీ లేని ఆ టేపు ముక్కల కుప్పను మాలో ఒకడు ప్రతిసారీ ఉంచుతాడు, దానికోసం మూడు మంచి పాటలు బలిస్తాడు.

చిన్న ఆల్బమ్‌తో కూడా ఇది ఆడొచ్చు. 'రూమర్స్'లో చోటు చాలక స్టీవీ నిక్స్ "సిల్వర్ స్ప్రింగ్స్"ను పక్కన పెట్టారు. అది లోపలికి రావాలంటే నాలుగు నిమిషాల పైచిలుకు ఖాళీ చేయాలి. ఏది తీస్తారు?

8. చీటీలు దాచండి

తేదీ వేసి ఒక కవర్లో పడేయండి. ఆరు నెలలకోసారి ఒక పాత ఆల్బమ్ మళ్లీ పెట్టుకుని, పాత చీటీ చూడకుండా కొత్తది రాయండి, తర్వాత పక్కపక్కన పెట్టండి. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 'నెబ్రాస్కా' (1982) మీద నా మొదటి చీటీలో పెద్దక్షరాలతో "ఇది డెమోలా ఉంది" అని ఉంది, తిట్టుగానే రాశాను. నిజానికి అది డెమోనే. ఇంట్లో కూర్చుని నాలుగు ట్రాకుల క్యాసెట్ మెషీన్ మీద రికార్డు చేసుకున్నాడు, బ్యాండ్‌తో మళ్లీ చేసి చూసి కుదరక ఆ క్యాసెట్‌నే విడుదల చేశాడు. ఆరు నెలల తర్వాత రాసిన చీటీలోనూ "డెమోలా ఉంది" అనే ఉంది. ఈసారి పక్కన నిమిషం, సెకను వేసి, కింద "ఇక్కడ మళ్లీ పెట్టండి" అని రాశాను.