పటం మీద యుద్ధాన్ని చదవడం – 4వ పాఠం: ఉబ్బు, ఎదురు ఉబ్బు

ముందుగా పోయిన పాఠంలోని అభ్యాసం సంగతి చూద్దాం. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 నవంబరులో, స్టాలిన్‌గ్రాద్ దగ్గర జర్మన్ల మీద ఎర్రసైన్యం (సోవియట్ సైన్యం) ఎటు నుంచి దాడి చేసి ఉంటుందో బాణాలు గీయమన్నాను. మీ బాణాలు నగరంలోకి దూసుకెళ్తుంటే చెరిపేయండి. నవంబరు 19న మొదటి దాడి నగరానికి దూరంగా, వాయవ్యాన, దోన్ నది ఒడ్డున ఉన్న సెరఫిమోవిచ్, క్లెత్‌స్కయ ప్రాంతాల నుంచి మొదలైంది. రెండోది మర్నాడు నగరానికి దక్షిణం నుంచి. రెండు చోట్లా ఎదురుగా ఉన్నవి జర్మన్ల పక్షాన పోరాడుతున్న రొమేనియా సైన్యాలు. ట్యాంకులను ఆపగల ఫిరంగులు వాళ్ల దగ్గర సరిపడా లేవు. 23వ తేదీకి రెండు బాణాలూ నగరానికి పడమట, కలాచ్ దగ్గర కలిశాయి. లోపల జర్మన్ పక్షపు సైనికులు రెండున్నర లక్షలకు పైగా చిక్కుకుపోయారు.

అంటే మొన మీద కాదు, మొదట్లో కొట్టారు. ఈ రెండు మాటలూ గుర్తుపెట్టుకోండి. ఫ్రంట్ లైన్, అంటే రెండు సైన్యాలూ ఎదురెదురుగా నిలబడ్డ గీత, ఒకచోట ముందుకు పొడుచుకొస్తే దాన్ని ఉబ్బు అందాం. దాని కొస మొన. అది లైన్ నుంచి బయలుదేరిన చోటు మొదలు. మొదటికి రెండు పక్కలుంటాయి. ఆ రెండు పక్కల నుంచీ నొక్కి, మధ్యలో కలిసి, లోపలివాళ్లను చుట్టుముట్టడమే పటకారు దాడి.

ఇవాళ కుర్స్క్ పటం గీద్దాం. కాగితం, పెన్సిలు, రెండు రంగులు చాలు. ఒక సెంటీమీటరుకు 20 కిలోమీటర్లు అనుకోండి. పైన ఓరెల్ అని ఒక చుక్క పెట్టండి. దాని కింద 7 సెంటీమీటర్ల దూరంలో కుర్స్క్. అక్కడి నుంచి ఆరున్నర సెంటీమీటర్లు కిందికి, కాస్త కుడివైపుగా బెల్గోరోద్. ఓరెల్, కుర్స్క్‌ల మధ్య దాదాపు సగం దూరంలో పోనిరి అనే రైల్వే స్టేషన్. ఈ చుక్కలన్నిటినీ కలుపుతూ ఒక రైలు మార్గం గీయండి. అది మాస్కో నుంచి ఖార్కోవ్‌కు వెళ్లే ముఖ్యమైన లైను.

ఇప్పుడు 1943 జూన్ నాటి ఫ్రంట్ లైన్. ఓరెల్ జర్మన్ల చేతిలో ఉంది కాబట్టి దానికి కుడివైపున, మూడు సెంటీమీటర్ల దూరం నుంచి మొదలుపెట్టండి. ఓరెల్‌ను చుట్టి లోపలికి రండి. పోనిరికి కొంచెం పైనుంచి ఎడమకు సాగండి. కుర్స్క్‌కు ఎడమవైపు ఆరు సెంటీమీటర్ల దాకా వెళ్లి, వంపు తిరిగి, మళ్లీ కుడికి వచ్చి, బెల్గోరోద్‌కు పైనుంచి దొనెత్స్ నది వెంట కిందికి దిగండి. పాము మెలిక తిరిగినట్టు వస్తే మీ గీత సరైనదే.

ఈ మెలిక ఎలా వచ్చిందో ఒక్క మాటలో చెప్తాను. స్టాలిన్‌గ్రాద్ తర్వాత ఎర్రసైన్యం పడమటికి దూసుకొచ్చి, 1943 ఫిబ్రవరి 8న కుర్స్క్‌ను, 16న ఖార్కోవ్‌ను విడిపించింది. మార్చిలో జర్మన్ సేనాని మాన్‌స్టైన్ ఎదురుదాడి చేసి ఖార్కోవ్, బెల్గోరోద్ తిరిగి పట్టుకున్నాడు. తర్వాత మంచు కరిగి నేలంతా బురదైంది, లైన్ అక్కడే ఆగిపోయింది.

పటం తయారైంది కదా, ఇప్పుడు జర్మన్ల వైపు నుంచి చూడండి. కుర్స్క్ ఉబ్బు ఊరిస్తుంది. పై నుంచి మోడెల్ సైన్యం, కింది నుంచి హోత్ ట్యాంకుల సైన్యం వచ్చి కుర్స్క్ దగ్గర కలిస్తే పని అయిపోయినట్టే. కానీ ఇంత స్పష్టంగా కనిపించేది అవతలివాళ్లకూ కనిపిస్తుంది. ఏప్రిల్ 8నే సోవియట్ సేనాని జుకోవ్ స్టాలిన్‌కు నివేదిక పంపాడు. ముందు మనం దాడి చేయవద్దు, వాళ్ల ట్యాంకులను మన రక్షణ వరసల మీద అరగదీసి, ఆ తర్వాత కొత్త బలగాలతో దాడికి దిగుదాం అన్నది దాని సారాంశం. హిట్లర్ మే మొదట్లో అనుకున్న దాడిని కొత్త ట్యాంకుల కోసం జులై దాకా వాయిదా వేశాడు. ఆ వ్యవధిలో ఉబ్బును కాస్తున్న సోవియట్ సేనానులు రొకొసోవ్‌స్కీ, వతూతిన్‌ల సేనలు 9 లక్షలకు పైగా మందుపాతరలు పాతాయి. కందకాలు వరస వెనక వరసగా తవ్వారు. స్తారీ ఒస్కోల్ నుంచి ర్జావాకు 95 కిలోమీటర్ల కొత్త రైలు మార్గాన్ని 32 రోజుల్లో వేశారు. ఎందుకంత ఆత్రం? మీ పటంలో రైలు గీతను మళ్లీ చూడండి. దాని పై కొస ఓరెల్‌లో, కింది కొస బెల్గోరోద్‌లో జర్మన్ల చేతిలో ఉంది. ఉబ్బులో ఉన్న లక్షల మందికి తిండీ, గుండ్లూ తూర్పు నుంచే రావాలి. ఆ పట్టాలు వేసినవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లూ, పిల్లలనదగ్గ వయసువాళ్లూ. సేనానుల పేర్లు చెప్పేటప్పుడు వీళ్లను వదిలేయడం నాకు ఇష్టం లేదు. పటంలో ఆ మార్గాన్ని కూడా ఒక చిన్న గీతగా గీసుకోండి.

జులై 5న దాడి మొదలైంది. ఇక్కడ స్కేలు తీయండి. పటకారు రెండు చేతులూ కలవాలంటే దాటాల్సిన దూరం దాదాపు 200 కిలోమీటర్లు, అంటే పది సెంటీమీటర్లు. పైనుంచి మోడెల్ పోనిరి దగ్గర ఇరుక్కుపోయాడు. వారం గడిచినా దాటింది సుమారు 12 కిలోమీటర్లు, మీ పటంలో అర సెంటీమీటరు పైచిలుకు. కింద హోత్ సుమారు 35 కిలోమీటర్లు వచ్చి ప్రోఖొరోవ్కా అనే ఊరి దగ్గరకు చేరాడు. మధ్యలో ఇంకా ఏడున్నర సెంటీమీటర్లకు పైగా ఖాళీ ఉంది.

జులై 12న ప్రోఖొరోవ్కా దగ్గర జరిగిన ట్యాంకుల పోరు గురించి మీరు విని ఉంటారు. నేను మొదట ఈ పటం గీసుకున్నప్పుడు దాని చుట్టూ పెద్ద ఎర్ర సున్నా చుట్టి, యుద్ధమంతా అక్కడే తేలిందని రాసుకున్నాను. అది తప్పు. ఆ రోజు ఎర్రసైన్యమే జర్మన్ల కంటే చాలా ఎక్కువ ట్యాంకులను పోగొట్టుకుంది. అయినా దాడి ఎందుకు ఆగిపోయింది? మీ పెన్సిల్‌ను ప్రోఖొరోవ్కా నుంచి తీసి ఓరెల్ మీద పెట్టండి.

ఈ పాఠంలో అసలు నేర్చుకోవాల్సింది ఇక్కడుంది. పాము మెలికలో ఒక వంపు కుర్స్క్ అయితే, దానికి ఆనుకుని రెండో వంపు ఓరెల్. కుర్స్క్ దగ్గర సోవియట్ లైన్ పడమటికి పొడుచుకొస్తే, ఓరెల్ దగ్గర జర్మన్ లైన్ తూర్పుకు పొడుచుకొచ్చింది. ఇదే ఎదురు ఉబ్బు. పటంలో ఉబ్బు ఎప్పుడూ ఒంటరిగా ఉండదు. ఒక ఉబ్బును కోయడానికి వెళ్లే సైన్యం చాలాసార్లు తన సొంత ఉబ్బులో నిలబడే ఆ పని చేస్తుంది. మోడెల్ ముఖం దక్షిణాన కుర్స్క్ వైపు ఉంది. వీపు ఉత్తరానికీ, తూర్పుకూ ఉంది. సరిగ్గా జులై 12నే సోవియట్ సేనలు ఆ వీపు మీద కొట్టాయి. ఆ దాడికి కుతూజోవ్ అని పేరు. ఓరెల్ పోతే తన సైన్యమే చిక్కుకుపోతుంది కాబట్టి మోడెల్ పోనిరి దగ్గరి బలగాలను వెనక్కి తిప్పాడు. పటకారు పై చేయి అలా ఊడిపోయింది. జులై 10న మిత్రరాజ్యాలు సిసిలీలో దిగడం కూడా తోడై, 13న హిట్లర్ దాడి ఆపేయమన్నాడు.

కింది వైపు తంతు కాస్త వేరు. జులై 17న ఎర్రసైన్యం ఇంకా దక్షిణాన, మియూస్ నది మీద, ఇజ్యుమ్ దగ్గర దాడులు చేసింది. జర్మన్లు బెల్గోరోద్ వైపున్న ట్యాంకు డివిజన్లను అటు పంపారు. ఆగస్టు 3న అసలు దాడి బెల్గోరోద్ మీదే వచ్చింది. 5వ తేదీన ఓరెల్, బెల్గోరోద్ రెండూ ఒకే రోజు విడుదలయ్యాయి. 23న ఖార్కోవ్. అందుకే బాణం గీసిన ప్రతిసారీ పక్కన ఒక చతురస్రం గీయండి: ఆ రోజున రిజర్వు బలగం (అవసరమైన చోటికి పంపడానికి వెనక ఉంచుకున్న సేన) ఎక్కడుందో అందులో తేదీతో రాయండి. ఇది బద్ధకించకుండా చేస్తే సగం యుద్ధాలు వాటంతట అవే అర్థమవుతాయి.

ఈ యాభై రోజుల్లో ఎర్రసైన్యంలో చనిపోయినవాళ్లు, గాయపడినవాళ్లు, గల్లంతైనవాళ్లు, జబ్బుపడినవాళ్లు కలిపి 8 లక్షల 60 వేలకు పైనే అని తర్వాత రష్యాలో వెలువడిన లెక్క. మీ పటంలో అర సెంటీమీటరు గీసేటప్పుడు చేయి కాస్త నెమ్మదించాలి.

అభ్యాసం

వచ్చే పాఠానికి 1944 జూన్ నాటి బెలారుస్ పటం గీసుకురండి. ఏ అట్లాస్ అయినా చాలు. వీతెబ్స్క్, ఓర్షా, మొగిలేవ్, బొబ్రూయ్‌స్క్ నాలుగూ జర్మన్ల చేతిలో ఉన్నాయి. ఫ్రంట్ లైన్ వాటి తూర్పు నుంచి దిగి, ప్రీప్యత్ చిత్తడి నేలల వెంట పడమటికి తిరిగి, కోవెల్ దగ్గరికి పోతుంది. తూర్పుకు పొడుచుకొచ్చిన పెద్ద ఉబ్బు కనిపిస్తుంది. దాని మొదలు ఎక్కడుందో గుర్తించి, ఎర్రసైన్యం ఎక్కడ కొడుతుందో బాణం గీయండి.

ఇవాళ చెప్పిన పద్ధతిలోనే గీస్తే మీ బాణం కోవెల్ దగ్గర పడుతుంది. జర్మన్ సేనానులూ అలాగే అనుకుని ట్యాంకు డివిజన్లను ఎక్కువగా అటువైపే పెట్టారు. దాడి మాత్రం అక్కడ మొదలవలేదు. పైన చెప్పిన నాలుగు ఊళ్ల పక్కనా రిజర్వు చతురస్రం గీసి చూడండి. అందులో ఏం రాయాల్సి వస్తుందో, ఎందుకో రాసుకుని రండి. 5వ పాఠం అక్కడి నుంచి మొదలుపెడదాం.