కొత్త ప్రోగ్రాంతో మొదటి జాబ్ తీసే ముందు: సిఎన్‌సి మెషిన్ దగ్గర పాటించవలసిన జాగ్రత్తలు

కంప్యూటర్ నియంత్రణతో లోహాన్ని కోసే సిఎన్‌సి మెషిన్‌లోకి కొత్త ప్రోగ్రాం ఎక్కిన రోజున, లేదా ఏడాదిగా పక్కన పడి ఉన్న పాత ప్రోగ్రాంను మళ్ళీ బయటికి తీసిన రోజున, షాపులో అందరికంటే ఎక్కువ చెమట పట్టేది ప్రోగ్రామర్‌కే. వందో జాబ్ (కోసే ముక్క) నడుస్తున్నప్పుడు మెషిన్ వంక ఎవరూ చూడరు. మొదటి జాబ్ దగ్గర మాత్రం కదలికను ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ మీద వేలు పెట్టుకుని ఊపిరి బిగబట్టి నిలబడతారు. ఆ భయం అవసరమైనదే కానీ, చాలామంది దాన్నంతా తాము కొత్తగా రాసిన వరుసల మీదే ఖర్చు చేస్తారు. నా అనుభవంలో టూళ్ళు విరిగిన సందర్భాలలో ఎక్కువ భాగం ముందటి జాబ్ మెషిన్‌లో వదిలి వెళ్ళిన వాటి వల్లనే జరిగాయి: చెరపని ఆఫ్‌సెట్ (టూల్ పొడవు, జాబ్ స్థానం వంటి వాటికి మెషిన్‌లో దాచిన అంకె), రద్దు చేయని మోడ్, మార్చడం మరచిన జా (జాబ్‌ను పట్టుకునే దవడ), మెషిన్ దగ్గరే సరిదిద్ది ఎవరికీ చెప్పని ప్రోగ్రాం. కాబట్టి సైకిల్ స్టార్ట్ నొక్కే ముందు, మెషిన్ ఇప్పుడు ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడం మొదటి పని.

ప్రోగ్రాంలోని ఆదేశాలైన జి-కోడ్‌లలో అధిక భాగం ఒకసారి పిలిస్తే, అదే గుంపులోని మరొక కోడ్ వచ్చి తప్పించేదాకా అమలులోనే ఉంటాయి. ముందటి ప్రోగ్రాంను ఎవరో మధ్యలో రీసెట్ కొట్టి ఆపేసి ఉంటే, జి91 (ఉన్న చోటు నుంచి దూరాలను లెక్కించే మోడ్) అలాగే మిగిలి ఉండవచ్చు. రీసెట్‌తో ఏవి పోతాయి, ఏవి నిలుస్తాయి అన్నది ఆ మెషిన్ పారామీటర్ల మీద ఆధారపడి ఉంటుంది. అంగుళాల మోడ్ అయిన జి20 మిగిలిపోతే మీరు 2 మిల్లీమీటర్ల లోతు అనుకుని రాసిన అంకె 2 అంగుళాలు, అంటే 50.8 మిల్లీమీటర్లు అవుతుంది. పెద్ద కొలతలైతే ట్రావెల్ హద్దు దాటి అలారం వస్తుంది కనుక బతికిపోతాము. చిన్న కొలతలకు ఆ రక్షణ లేదు. అందుకే మిల్లీమీటర్ల మోడ్ అయిన జి21ను ప్రోగ్రాం మొదట్లో విడి వరుసగానూ, మిగిలిన మోడ్‌లను మామూలు స్థితికి తెచ్చే జి17 జి40 జి49 జి80 జి90లను ప్రతి టూల్ మార్పు తరువాతనూ రాయడం అలవాటు చేసుకోవాలి. మొదట్లో ఒక్కసారి రాస్తే చాలదా అని అడుగుతారు. చాలదు, ఎందుకంటే మూడో టూల్ విరిగినప్పుడు ఆపరేటర్ ప్రోగ్రాంను మొదటి నుంచి నడపడు, మూడో టూల్ నుంచే నడుపుతాడు.

టూల్‌ను హోమ్‌కు, అంటే మెషిన్ సొంత ఆరంభ స్థానానికి, పంపే వరుసను ప్రత్యేకంగా చూడాలి. జి91 జి28 జడ్0 (జడ్ అంటే నిలువు అక్షం) అని రాస్తే టూల్ ఉన్న చోటు నుంచి నేరుగా పైకి పోతుంది. అదే వరుసలో జి91 లేకుండా, స్థిర బిందువు నుంచి దూరాలను లెక్కించే జి90 అమలులో ఉండగా జి28 జడ్0 వస్తే, కంట్రోల్ (మెషిన్‌ను నడిపే కంప్యూటర్) ఆ జడ్0ను దారి మధ్యలో తాకవలసిన బిందువుగా తీసుకుంటుంది. అంటే టూల్ ర్యాపిడ్‌తో (పూర్తి వేగంతో) ముందు జాబ్ జీరోకు, అంటే కొలతలు మొదలయ్యే బిందువుకు, దిగి, ఆ తరువాతే హోమ్‌కు బయలుదేరుతుంది. జీరో జాబ్ అడుగున పెట్టి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. మెషిన్ కోఆర్డినేట్లలోనే మాట్లాడే జి90 జి53 జి00 జడ్0 వాడితే ఈ మధ్య మజిలీ బెడద ఉండదు.

దశాంశ బిందువు ఈ వృత్తిలో కనిపించని గొయ్యి. ఫానుక్ కంపెనీ తరహా కంట్రోళ్ళు అనేకం, పారామీటర్ వేరుగా పెట్టి ఉంటే తప్ప, చుక్క లేని అంకెను అతి చిన్న ప్రమాణంలో లెక్కిస్తాయి. ఆ ప్రమాణం 0.001 మిల్లీమీటరు అయితే, ఎక్స్50 అంటే 50 మైక్రాన్లు. చుక్క మరచిపోవడం కోత వరుసలో జరిగితే టూల్ గాలిలో ఊరికే తిరుగుతుంది, నవ్వుకుని సరిదిద్దుకోవచ్చు. పైకి లేపే వరుసలో జరిగితే నవ్వు రాదు. జడ్100 అని చుక్క లేకుండా రాసిన చోట, 100 మిల్లీమీటర్లు లేవవలసిన టూల్ జాబ్ పైన 0.1 మిల్లీమీటరు ఎత్తులో ఆగి, తరువాతి వరుసలోని ర్యాపిడ్‌తో సూటిగా జాబ్‌ను బిగించిన క్లాంప్ మీదికి పోతుంది. పక్క మెషిన్‌లో అదే పారామీటర్ మరోలా ఉండి, అదే ప్రోగ్రాం అక్కడ నిక్షేపంగా నడిచి ఉంటుంది కాబట్టి, “నిన్న బాగానే నడిచింది కదా” అన్న మాటను సాక్ష్యంగా తీసుకోకూడదు. ఎడిటర్‌లో చుక్క లేని ఎక్స్, వై, జడ్, ఆర్, క్యూ విలువలను వెతికించడానికి రెండు నిమిషాలు పట్టదు. డ్రిల్ సైకిల్‌లోని క్యూ (ఒక్కో మెట్టు కోత లోతు) విషయంలో మాత్రం కొన్ని కంట్రోళ్ళు చుక్కను ఒప్పుకోవు కనుక మెషిన్ మాన్యువల్ చూసి నిర్ణయించుకోవాలి. జి-కోడ్‌కు ఐఎస్ఓ 6983 అనే ప్రమాణం ఉన్నా, ఒక్కో కంట్రోల్ ఒక్కో యాసలో మాట్లాడుతుంది. సీమెన్స్ కంట్రోల్‌కు తయారుచేసిన పోస్ట్ ప్రాసెసర్ (కోడ్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) నుంచి వచ్చిన ఫైలును నాలుగు వరుసలు చేత్తో మార్చి ఫానుక్‌లో నడపాలని చూడడం తెలిసి తెలిసి తల దూర్చడమే.

ఆఫ్‌సెట్ పేజీ గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను అక్కడే కాలు జారాను. ఒక సాయంత్రం షిఫ్ట్ మారే వేళ, మొదటి జాబ్ పాసైపోయి ఆరు జాబ్‌లు బయటికి వచ్చాక, పాకెట్ (కోసిన గుంట) లోతు 0.02 మిల్లీమీటరు తక్కువగా వస్తోందని క్వాలిటీ వారు చెప్పారు. టూల్ పొడవు గడిలో 152.340 ఉంది. నేను మైనస్ 0.02 టైపు చేసి, ప్లస్ ఇన్‌పుట్ నొక్కవలసిన చోట ఇన్‌పుట్ నొక్కాను. ప్లస్ ఇన్‌పుట్ అయితే ఉన్న అంకెకు కలిపి 152.320 చేసేది, ఇన్‌పుట్ పాత అంకెను తుడిచిపెట్టి, ఆ గడిలో మైనస్ 0.020ను కూర్చోబెట్టింది. తెర మీద ఆ మార్పు ఒక్క గడిలోనే జరిగింది, నా చూపు అప్పటికే తలుపు వైపు తిరిగింది. కంట్రోల్ దృష్టిలో ఇప్పుడు టూల్‌కు పొడవే లేదు. అది 152 మిల్లీమీటర్లు అదనంగా కిందికి దిగింది. 12 మిల్లీమీటర్ల ఎండ్‌మిల్ ముక్కలైంది, హోల్డర్ ముఖం జాబ్‌లో గుండ్రటి గుర్తు వేసింది, స్పిండిల్ (టూల్‌ను తిప్పే ఇరుసు) రనౌట్, అంటే తిరుగుడులో ఊగు, చూసుకోవడానికి మరునాడు మధ్యాహ్నం దాకా మెషిన్ ఆగింది.

ఆ తరువాత నేను పెట్టుకున్న నియమాలు ఇవి. సైజు సవరణలను ఎప్పుడూ వేర్ (అరుగుదల) పేజీలోనే చేయాలి, జామెట్రీ (టూల్ అసలు కొలతల) పేజీని టూల్ సెట్ చేసేటప్పుడు తప్ప తాకకూడదు. ఒకేసారి ఇవ్వగల సవరణకు హద్దు పెట్టే సదుపాయం కంట్రోల్‌లో ఉంటే దానిని తప్పక వాడుకోవాలి. అంకె ఎక్కించాక, ముందు ఎంత ఉంది, ఇప్పుడు ఎంత ఉంది అని బయటికి వినిపించేలా చదవాలి. పక్కవారు నవ్వితే నవ్వనివ్వండి. ఇక, ఏ చిన్న అంకె మార్చినా తరువాతి జాబ్‌ను మళ్ళీ మొదటి జాబ్‌గానే చూడాలి, అంటే ర్యాపిడ్ 25 శాతానికి తగ్గాలి, ఒక్కో వరుస దగ్గర ఆపే సింగిల్ బ్లాక్ ఆన్ కావాలి.

టూల్ సంఖ్యకూ పొడవు ఆఫ్‌సెట్ సంఖ్యకూ పొంతన చూడడం కూడా ఇక్కడే చేయాలి. టి05ను (ఐదో టూల్‌ను) పిలిచి, టూల్ పొడవును అమలు చేసే జి43 పక్కన హెచ్04 (నాలుగో పొడవు ఆఫ్‌సెట్) రాయడం, పాత ప్రోగ్రాం నుంచి వరుసలు కాపీ చేసే ప్రతివారూ ఏదో ఒక రోజు చేసే తప్పు. దీనిని పట్టుకోవడానికి నాకు తెలిసిన అతి చౌక పద్ధతి ఒకటే: ప్రతి టూల్‌నూ జి43తో ముందు జడ్100.కు మాత్రమే దింపి, సింగిల్ బ్లాక్‌లో అక్కడ ఆపి, టూల్ కొనకూ జాబ్ పైభాగానికీ మధ్య స్టీల్ స్కేల్ నిలబెట్టి చూడాలి. జాబ్ జీరో పైభాగాన ఉంటే తెర 100 అంటున్నప్పుడు స్కేల్ కూడా 100 అనాలి. ఆ తరువాత ఒక్కో బ్లాక్‌కూ (వరుసకూ) ఇంకా వెళ్ళవలసిన దూరం చూపే అంకెను చూస్తూ దింపాలి. కొన జాబ్‌కు 10 మిల్లీమీటర్ల దూరంలో కనిపిస్తుండగా తెర ఇంకా 60 మిగిలి ఉందని చెబితే, వేలు ఆలోచించకుండా ఫీడ్ హోల్డ్ నొక్కాలి.

సిమ్యులేషన్‌ను నమ్మే ముందు అది ఏమి చూడదో గుర్తుంచుకోవాలి. కంప్యూటర్‌లో మీరు గీసిన క్లాంప్ మాత్రమే దానికి తెలుసు; ఆపరేటర్ అందుబాటులో ఉన్న పొడవైన బోల్ట్ వేసి బిగించిన సంగతి తెలియదు. పైగా అనేక మెషిన్‌లలో జి00 (ర్యాపిడ్) కదలిక సరళరేఖ కాదు: ప్రతి అక్షమూ తన పూర్తి వేగంతో పోతుంది కనుక తక్కువ దూరం ఉన్న అక్షం ముందు ఆగిపోయి, దారి మధ్యలో వంగుతుంది. తెర మీద క్లాంప్ పక్క నుంచి పోయినట్లు కనిపించిన టూల్ నిజంలో దానిని తగలడానికి ఇదొక కారణం. అక్షాలు కదలకుండా మెషిన్ లాక్ పెట్టి గ్రాఫిక్ చూసినవారు, లాక్ తీశాక అక్షాలను తప్పనిసరిగా మళ్ళీ హోమ్‌కు పంపాలి; అప్పటికి తెర మీది స్థానానికీ అసలు స్థానానికీ తేడా వచ్చి ఉంటుంది. డ్రై రన్‌ను జాబ్ బిగించి ఉండగా ఎప్పుడూ వాడకూడదు, ఎందుకంటే అది మీరు రాసిన ఫీడ్‌ను (కోత కదలిక వేగాన్ని) పక్కనపెట్టి తన వేగంతో నడుపుతుంది. గాలిలో నడిపి చూడాలనుకుంటే, వర్క్ ఆఫ్‌సెట్ల ఉమ్మడి గడిలో జడ్‌కు 100 కలిపి, మొత్తం ప్రోగ్రాంను జాబ్ పైన నడపడం మేలు. దానిని తీయడం మరచినా నష్టం లేదు, టూల్ పైపైనే తిరిగి వస్తుంది.

జాబ్‌నే తిప్పే లేత్ దగ్గర ప్రమాదం రూపం మారుతుంది. జి96 పెట్టినప్పుడు కోత వేగం స్థిరంగా ఉండడానికి వ్యాసం తగ్గేకొద్దీ స్పిండిల్ వేగం పెరుగుతుంది: నిమిషానికి 200 మీటర్ల కోత వేగానికి 100 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర సుమారు 637 చుట్లు, 20 దగ్గర సుమారు 3183, ఫేసింగ్‌లో మధ్యకు చేరేసరికి మెషిన్‌కు ఎంత శక్తి ఉంటే అంత. వేగం రెట్టింపైతే జాబ్‌ను పట్టుకునే చక్ జాస్‌ను బయటికి లాగే బలం నాలుగింతలవుతుంది కనుక చక్ పట్టు సడలుతుంది, జాబ్ ఎగిరిపోతుంది. గరిష్ఠ వేగానికి కళ్ళెం వేసే జి50 వరుస, ఇతర కోడ్ వ్యవస్థలలో జి92, జి96 కంటే ముందు ఉందో లేదో ప్రతి టూల్ దగ్గరా చూడాలి. ఆ అంకె చక్ మీద చెక్కిన గరిష్ఠ వేగానికి లోబడి ఉండాలి. స్పిండిల్ వెనుక నుంచి బయటికి పొడుచుకు వచ్చిన బార్‌ను ఆధారం లేకుండా తిప్పకూడదు, అది వంగి కొరడాలా కొడుతుంది. మిల్లింగ్ అలవాటుతో లేత్‌లో ఫీడ్‌కు ఎఫ్200 రాసేవారు, ఆ మెషిన్ ఫీడ్‌ను చుట్టుకు లెక్కిస్తోందా, నిమిషానికి లెక్కిస్తోందా అని ముందుగా తేల్చుకోవాలి.

మరలు కోసే పనులైన ట్యాపింగ్, థ్రెడింగ్ విషయంలో వేలి మీద నమ్మకం పనికిరాదు. ఈ సైకిళ్ళలో ఫీడ్ ఓవర్‌రైడ్ (ఫీడ్‌ను పెంచే, తగ్గించే మీట) పని చేయదు, ఫీడ్ హోల్డ్ నొక్కినా చాలా కంట్రోళ్ళలో ఆ పాస్ పూర్తయ్యాకే ఆగుతుంది. కాబట్టి లెక్క ముందే సరిచూసుకోవాలి: 1.25 మిల్లీమీటర్ల పిచ్ (మరల మధ్య దూరం) గల ఎం8 ట్యాప్‌ను 500 చుట్లతో తిప్పితే ఫీడ్ 625 ఉండాలి, చుట్లను 400కు తగ్గించినవారు ఫీడ్‌ను 500 చేయాలి.

మధ్యలో ఆగిన ప్రోగ్రాంను మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు కర్సర్‌ను ఆగిన వరుస మీద పెట్టకుండా, ఆ టూల్‌ను పిలిచిన వరుస దాకా వెనక్కి తీసుకుపోవాలి. రెండు నిమిషాల గాలి కోత వృథా అనిపిస్తుంది. స్పిండిల్ తిరగకుండా, పొడవు ఆఫ్‌సెట్ లేకుండా టూల్ జాబ్‌లోకి దిగడంతో పోలిస్తే అది వృథా కాదు.

ప్రోగ్రామర్లు లోలోపల అన్నిటికంటే ఎక్కువ విసుక్కునేది ఫైళ్ళ గందరగోళం గురించి. రాత్రి షిఫ్ట్‌లో ఆపరేటర్ ఫీడ్ తగ్గించి, ఒక క్లియరెన్స్ పెంచి, జాబ్ చక్కగా తీస్తాడు; ఆ మార్పు మెషిన్ మెమరీలోనే ఉండిపోతుంది, కంప్యూటర్‌లోని పాత ఫైలు మూడు నెలల తరువాత మళ్ళీ ఎక్కుతుంది, అదే క్లాంప్‌ను అదే టూల్ మళ్ళీ తగులుతుంది. ఆపరేటర్‌ను మార్చవద్దని కట్టడి చేయడం కంటే, మార్చినది రాయడానికి చోటు ఇవ్వడం మంచిదని నేను అనుకుంటాను. ప్రోగ్రాం తలభాగంలో డ్రాయింగ్ రివిజన్, తేదీ, జాబ్ జీరో ఎక్కడ ఉందో వ్యాఖ్యగా ఉండాలి. సెటప్ షీట్‌లో ప్రతి టూల్ హోల్డర్ నుంచి ఎంత బయటికి ఉండాలో, క్లాంప్‌లు ఎక్కడ వేయాలో, ఏ జాస్ వాడాలో ఉండాలి. జాబ్ దించే ముందు మెషిన్‌లోని ప్రోగ్రాంను బయటికి తీసి పాతదానితో పోల్చి చూడాలి.

వరుస సెలవుల ముందు బ్యాటరీ హెచ్చరిక తెర మీద వెలుగుతోందేమో చూసి, వెలుగుతుంటే కంట్రోల్ ఆన్‌లో ఉండగానే మార్చాలి. ఆపేసి మార్చితే ప్రోగ్రాంలు, పారామీటర్లు, అక్షాల హోమ్ స్థానాలు చెరిగిపోయే ప్రమాదం ఉంది. సెలవుల తరువాత స్పిండిల్‌ను తక్కువ వేగంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ వేడెక్కనిచ్చి, ఆ తరువాతే మొదటి జాబ్ కొలతలను లెక్కలోకి తీసుకోవాలి. చల్లటి మెషిన్‌లో తీసిన సైజును చూసి ఆఫ్‌సెట్ మార్చినవారు గంట తరువాత అదే ఆఫ్‌సెట్‌ను వెనక్కి మార్చవలసి వస్తుంది. అప్పుడు నొక్కేది ఇన్‌పుట్టో, ప్లస్ ఇన్‌పుట్టో మరొకసారి చూసుకోవాలి.